చొక్కా తిరగేసి చూడండి

ప్రశ్న: నమస్కారం సర్. నాకు ముప్పై రెండేళ్ళు. బ్యాంకులో క్లర్కుగా పనిచేస్తున్నాను. ఐదేళ్ళుగా కథలు రాస్తున్నాను. పదకొండు రాస్తే మూడు అచ్చయ్యాయి. తిరిగొచ్చిన ఒక కథ మీద సంపాదకులు "పాత కథకుల్ని చదవండి, వాళ్ళు ఎలా రాశారో గమనించండి" అని రాశారు. ఏడాదిగా అదే పని మీద ఉన్నాను. గురజాడ, శ్రీపాద, చాసో, రావిశాస్త్రి, కారా... దొరికినవన్నీ చదివాను. రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి, చదువుతూ చదువుతూ కథలో పడిపోతాను. పుస్తకం మూశాక "ఎంత బాగుందో" అని తప్ప ఇంకేం గుర్తుండదు. అసలు ఏం గమనించాలో తెలీదు. రెండు, ఎవర్ని చదివితే ఆ నెలంతా వాళ్ళలాగే రాస్తున్నాను. రావిశాస్త్రిని చదివాక రాసిన కథలో ప్రతిదానికీ మూడేసి పోలికలు వచ్చిపడ్డాయి. మా ఆయన చదివి నవ్వారు. ఇలాగైతే నా గొంతు నాకు మిగలదేమోనని టెన్షన్‌గా ఉంది. కొన్నాళ్ళు చదవడం ఆపేయనా? 'తాకట్టు' అనే కథ ఒకటి జత చేస్తున్నాను. వీలైతే చూడండి.
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చదవడం ఆపకండి. కావాలంటే రాయడం ఓ రెండు నెలలు ఆపండి.

మీ రెండో చిక్కుతో మొదలుపెడతాను. అది నాకు బాగా పరిచయమున్న జబ్బు. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చేతికొచ్చింది. వారం రోజులు పుస్తకం పేరుకి తగ్గట్టే మత్తులో ఉన్నాను. ఎనిమిదో రోజున నేనూ ఒక కథ రాశాను. అందులో సారా అమ్మే మనిషి ఒకడు, హెడ్డు కానిస్టేబులు ఒకడు, ప్లీడరు గుమాస్తా ఒకడు. అందరూ విశాఖపట్నం యాసలో దంచి కొడతారు. నేను పుట్టిందీ పెరిగిందీ తెనాలి పక్కన. అప్పటికి విశాఖపట్నం రైల్లోంచి కూడా చూడలేదు. ఒక వారపత్రికకి పంపితే నెల తిరక్కుండా కవరు వెనక్కొచ్చింది. కథతోపాటు చిన్న చీటీ, దాని మీద ఒకే ఒక్క ప్రశ్న: "మీదే ఊరండీ?"

ఆ సంపాదకుడి మీద మూడేళ్ళు కోపంగా ఉన్నాను. తర్వాత ఆ చీటీ దాచుకున్నాను.

చదివినవాళ్ళ గొంతు మనకి రావడం తప్పేం కాదమ్మా. పాట నేర్చుకునే పిల్ల కొన్నాళ్ళు గురువు గొంతుతోనే పాడుతుంది. ఆవిడ పాట మధ్యలో దగ్గితే పిల్ల కూడా అక్కడే దగ్గుతుంది. దగ్గు తర్వాత పోతుంది. అయితే ఒక తేడా మాత్రం చూసుకోవాలి. వాక్యం నడక దానంతటదే అంటుకుంటుంది, మన ప్రయత్నం అక్కర్లేదు. ఆ రచయిత అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో మాత్రం అంటుకోదు. అది వెతుక్కోవాలి.

రావిశాస్త్రి పోలికల్నే తీసుకోండి. ఆయన విశాఖపట్నంలో వకీలు. ఆయన మనుషులు కోర్టు మెట్ల దగ్గర, పోలీస్ స్టేషన్ వరండాలో, సారా దుకాణం ముందు కనిపిస్తారు. అక్కడ జరిగింది ఒకటి, కాగితం మీదికెక్కేది ఇంకొకటి. ఆ తేడా పాత్రల చేత చెప్పించడం కష్టం. కొందరికి చెప్పడం రాదు, కొందరు చెబితే తన్నులు తింటారు. అంచేత కథ చెప్పేవాడే చెప్పాలి. వాడు ఉపన్యాసానికి దిగితే వినేవాడుండడు. అందుకని పోలిక మీద పోలిక పేర్చి, నవ్విస్తూ నవ్విస్తూ, ఎదుటి సాక్షిని క్రాస్ చేసినట్టు నిజాన్ని బయటికి లాగుతాడు. ఇది నాకు తోచిన లెక్క, మీకు ఇంకోటి తోచవచ్చు. ఏమైనా ఆ పోలికలు అందం కోసం పెట్టినవి కావు. ఆయనకి ఒక చిక్కు వచ్చింది, దానికి ఆ మందు కనిపెట్టుకున్నాడు. మీ కథలో ఆ చిక్కు లేదు, మందు మాత్రం పడింది. మీ ఆయన నవ్వింది అందుకే.

ఇంకొకరి శిల్పం చూసి నేర్చుకోవడం అంటే నా లెక్కలో ఇంతే. ఈ కథ రాస్తుంటే ఈ మనిషికి ఎక్కడ అడ్డం పడింది? ఎలా దాటాడు? అడ్డం ఏమిటో తెలుసుకోకుండా దాటిన తీరు ఎత్తుకొస్తే దాన్ని అనుకరణ అంటారు. అడ్డం తెలిసిందా, మీ కథలో అదే అడ్డం వచ్చినప్పుడు మీరు ఇంకోలా దాటతారు. మీ మనుషులు వేరు, మీ ఊరు వేరు.

అంటుకున్న గొంతు వదలాలంటే ఒక గృహవైద్యం ఉంది. రావిశాస్త్రి తర్వాత వెంటనే కొడవటిగంటి కుటుంబరావు కథలు ఓ పది చదవండి. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ పని చూసిన మనిషి. పిల్లలకి రాసీ రాసీ అలవాటైందో, అసలు స్వభావమే అంతో గానీ, ఆయన వాక్యం మంచినీళ్ళలా ఉంటుంది. నోరు కడుక్కున్నట్టవుతుంది. అంటుకోవడానికి పైకి ఏమీ కనబడదు. అలా ఏమీ కనబడకుండా రాయడం ఎంత కష్టమో ఒక పేజీ ప్రయత్నించి చూడండి, సరదాగా ఉంటుంది.

ఇక మొదటి చిక్కు. కథలో పడిపోతున్నానని బాధపడుతున్నారు. మొదటిసారి పడిపోవాల్సిందే. పడిపోకపోతే ఆ కథని రెండోసారి చదవాల్సిన పనే లేదు.

మా వీధిలో టైలరు దగ్గర కుర్రాడు చేరితే మొదట కాజాలు కుట్టిస్తాడు. కొన్నాళ్ళయ్యాక ఒక పాత చొక్కా చేతికిచ్చి కుట్లు విప్పమంటాడు. కుర్రాడు దాన్ని తిరగేసి చూస్తాడు. కాలరు లోపల గట్టిగుడ్డ ఎలా పెట్టారు, చంక దగ్గర ఎంత వదిలారు, జేబు అంచు ఎన్నిసార్లు మడిచారు. చొక్కా తొడుక్కున్నవాడికి ఇవేవీ కనబడవు, కనబడకూడదు కూడా. మీరు ఏడాదిగా మంచి మంచి చొక్కాలన్నీ తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. ఇప్పుడు ఒకదాన్ని తిరగేయండి. ఒక్కదాన్నే. శైలి, శిల్పం, పాత్రచిత్రణ, వాతావరణం అని నాలుగు గళ్ళు గీసి నింపే పని మాత్రం పెట్టుకోకండి. అది పరీక్షలకి.

గురజాడ 'దిద్దుబాటు'తో మొదలుపెట్టండి. పాఠంగా చదువుకుని ఉంటే అదొక నష్టం, కానీ ఫరవాలేదు. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన చిన్న కథ. గోపాలరావు సానిపాట విని రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు. వచ్చి తలుపు తీయమని పిలుస్తాడు. లోపల భార్య కమలిని కనబడదు. నౌకరు రాముణ్ణి లేపుతాడు. ఉత్తరం దొరుకుతుంది, పుట్టింటికి వెళ్ళిపోతున్నానని. కంగారుపడతాడు, తనని తాను తిట్టుకుంటాడు, వెళ్ళి ఆమెను బతిమాలి తీసుకురమ్మని రాముడికి మాటలు నేర్పుతాడు. అప్పుడు మంచం కిందినుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. అయిపోయింది.

ఇక్కడ గురజాడకి పడ్డ అడ్డం ఏమిటి? మొగుడు తప్పు ఒప్పుకోవాలి, భార్య గెలవాలి. మనలాంటివాళ్ళం రాస్తే ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడతాం. ఆమె చేత ఒక పేజీ కడిగిస్తాం, అతని చేత క్షమాపణ చెప్పిస్తాం. కానీ భార్య ఎదురుగా ఉంటే గోపాలరావు నిజం చెబుతాడా? సాకులు చెబుతాడు. స్నేహితులు లాక్కెళ్ళారంటాడు, ఇంకోటంటాడు. ఆమె అక్కడ లేదనుకుంటేనే అతని నోటి వెంట నిజం వస్తుంది. ఆమె అక్కడ ఉంటేనే ఆ నిజం ఆమెకి అందుతుంది. లేకుండానూ ఉండాలి, ఉండనూ ఉండాలి. అందుకు మంచం.

చాలామంది దీన్ని కొసమెరుపు అని ఊరుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మెరుపు కొసలో ఉన్నమాట నిజమే గానీ, ఇంటికి దూలంలాగా ఆ మంచం మొదటినుంచీ కథ బరువు మోస్తోంది. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. ఈసారి కమలిని మంచం కింద ఉందని ప్రతి వాక్యం దగ్గరా గుర్తు చేసుకుంటూ చదవండి. నౌకరు మీద కోపం ఆమె వింటోంది. ఉత్తరం చదువుతూ అతను అనుకునే మాటలు వింటోంది. రాముడికి నేర్పే బతిమాలడం రాముడికంటే ముందు ఆమెకే చేరుతోంది. ప్రతి మాటకీ ఇద్దరు శ్రోతలు, ఒకరి సంగతి మాట్లాడేవాడికి తెలీదు. మొదటిసారి నవ్వుకున్న చోట రెండోసారి ఇంకేదో అనిపిస్తుంది. ఏమనిపించిందో మీరే రాసుకోండి, నేను చెప్పను.

ఇంకో చిన్న సంగతి ఉంది అందులో. ఉత్తరం "అయ్యా" అని మొదలవుతుంది. గోపాలరావు అక్కడే ఆగిపోతాడు, "ప్రియా" పోయి "అయ్యా" దాకా వచ్చిందా అని. ఆ సంసారం నిన్నటిదాకా ఎలా ఉందో, ఈ రాత్రికి ఏమైందో ఒక్క పిలుపులో ఉంది. నేను ఈ కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు గానీ, ఈ పిలుపు దగ్గర ఆగి చూడటానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి. తెలుగులో మనకున్న సౌకర్యం ఇది. నువ్వు, మీరు, తమరు, ఏమే, ఏమండీ, ఒరేయ్, అబ్బాయ్, బిడ్డా. మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరమో పిలుపే చెప్పేస్తుంది. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని "వారి మధ్య ఏదో తెలియని అగాధం" అని రాస్తుంటాం.

ఆ కథతోనే ఇంకో లాభం ఉంది. 1910లో అచ్చయిన పాఠం వేరు, తర్వాత సంపుటాల్లో వచ్చిన పాఠం వేరు. మొదటిదాంట్లో కథ చెప్పే వాక్యాలు గ్రాంథికంగా, మాటలు వాడుకగా ఉంటాయి. తర్వాతిదాంట్లో కథనం కూడా వాడుకలోకి వచ్చేసింది. "తలుపు తెరవబడలేదు" అనడానికీ "తలుపు తీయలేదు" అనడానికీ చెవికి తేడా ఏమిటో రెండూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదివి చూడండి. కథలు మొదట అచ్చయిన పేజీల్లో చూడాలంటే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టింది. దాని స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్లో దొరుకుతాయి. ఖమ్మం నుంచి అంతదూరం వెళ్ళక్కర్లేదు.

"సరే, చూశాను, చూసింది చేతికెలా వస్తుంది?" అంటారు. దానికి నాకు తెలిసిన మంచి పద్ధతి కథకుడిది కాదు. మూడొందల ఏళ్ళ కిందట బోస్టన్‌లో అన్నగారి అచ్చాఫీసులో పనిచేసే ఒక కుర్రాడిది. వాడికి స్పెక్టేటర్ అనే ఇంగ్లీషు పత్రిక సంపుటం ఒకటి దొరికింది. అందులో నచ్చిన వ్యాసం చదివి, వాక్యానికో చిన్న గుర్తు రాసుకుని, కొన్నాళ్ళు పక్కన పడేసేవాడు. తర్వాత పుస్తకం తెరవకుండా ఆ గుర్తులు చూసుకుంటూ వ్యాసం మొత్తం సొంత మాటల్లో రాసేవాడు. రాసి, అసలుతో పోల్చి, ఎక్కడ తేలిపోయాడో చూసుకుని దిద్దుకునేవాడు. ఒక్కోసారి గుర్తుల కాగితాలన్నీ కలిపేసి, కొన్ని వారాల తర్వాత వాటిని మళ్ళీ వరసలో పేర్చేవాడు, ఏ సంగతి తర్వాత ఏది రావాలో తెలియడానికి. ఇదంతా రాత్రి పని అయ్యాక, పొద్దున పని మొదలవకముందు, ఆదివారాల్లో. ఆ కుర్రాడి పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆత్మకథలో రాసుకున్నాడు. ఒకటీ అరా చిన్న చోట్ల అసలుకంటే తనదే మెరుగైందేమో అనిపించిందని కూడా రాసుకున్నాడు. మీరూ ఉద్యోగం చేసుకుంటూ రాస్తున్నారు కదా, అందుకని చెబుతున్నాను.

నేను దీన్ని చాసో (చాగంటి సోమయాజులు) 'ఎంపు' మీద చేశాను. ముష్టెత్తుకునేవాళ్ళలో పెళ్ళి సంబంధం చూసే కథ. పిల్ల కుంటివాణ్ణి కోరుకుంటుంది. పెద్దాయన గుడ్డివాడే మేలంటాడు, గుడ్డివాడికైతే ముష్టి బాగా పడుతుందని. గుర్తులు రాసుకుని, పది రోజులాగి, చూడకుండా రాశాను. పోల్చి చూస్తే నాది అసలుకి దాదాపు రెట్టింపు ఉంది. పెరిగిందంతా జాలి. "పాపం", "దీనంగా", "బతుకు బరువుతో", అన్నీ నావే. చాసో ఒక్కచోటా అయ్యో అనడు. మనిళ్ళల్లో పెళ్ళికొడుకు జీతం ఎంత, పై సంపాదన ఎంత అని మాట్లాడుకున్నట్టే వాళ్ళూ మాట్లాడుకుంటారు. ఆ లెక్క మన లెక్కలాగే ఉండటం వల్లే చురుక్కుమంటుంది. ఇది విమర్శకులు చెప్పగా నేనూ విన్నదే. కానీ నా పేజీ, ఆయన పేజీ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజునే నమ్మాను.

కారా 'యజ్ఞం' మీద మాత్రం ఈ పద్ధతి ప్రయోగించకండి, పెద్ద కథ, చేతులు పడిపోతాయి. దానికి పెన్సిలు చాలు. (చదవనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పేరా దాటేయండి.) 1964 నాటి కథ. పాత అప్పు, దాని మీద పంచాయితీ. అప్పల్రాముడు అప్పు తీరుస్తానని ఒప్పుకుంటాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోడు. ఆ అప్పు తన పసివాడి దాకా రాకూడదని చివరికి పసివాణ్ణే చంపేస్తాడు. ఇంత ఘోరం ఎన్ని వాక్యాల్లో జరిగిందో గుర్తు పెట్టండి. దానికి ముందు పంచాయితీకి, ఊరికి రోడ్డూ బడీ వచ్చి బాగుపడిన వైనానికి, అప్పు పుట్టిన చరిత్రకి, ఏది న్యాయం ఏది ధర్మం అనే వాదనకి ఎన్ని పేజీలు పట్టాయో లెక్కేయండి. కారా లెక్కల మాస్టారు, ఊరికే పోనివ్వలేదు. మనమైతే ఎలా రాస్తాం? అప్పు సంగతి ఒక పేరాలో తేల్చి, చావు దగ్గర మూడు పేజీలు ఏడుస్తాం. ఆ లెక్కలన్నీ మనచేత ఓపిగ్గా వినిపించాడు గనకే, చివరి పని అతను చేసేసరికి మనకి అడ్డం చెప్పడానికి మాట దొరకదు. చదువుతూ మధ్యలో కొంచెం విసుగొస్తుంది. ఆ విసుగు కూడా ఆయన కావాలని పెట్టిందేనని నా అనుమానం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మీ కథల్లో అందరూ ఒకేలా మాట్లాడుతున్నారా అన్న అనుమానం ఉంటే శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి దగ్గరికి వెళ్ళండి. ఆయన సంభాషణలో చాలాచోట్ల "అన్నాడు", "అంది" ఉండవు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తూనే ఉంటుంది. ఒక పేజీ పైకి చదివి మీ ఆయన్ని వినమనండి. ఇప్పుడు మాట్లాడింది ఆడా మగా, పెద్దా చిన్నా, కోపమా వేళాకోళమా అని అడగండి. నవ్వినందుకు ఆయనకి ఆమాత్రం శిక్ష పడాలి. తర్వాత మీ పేజీ ఒకటి అలాగే చదివి వినిపించండి.

ఒక పెద్ద విషయం చెప్పాలి, ఉపన్యాసం రాకూడదు అన్న ఇబ్బంది ఉంటే పి. సత్యవతి 'ఇల్లలకగానే' చూడండి. ఒక గృహిణికి తన పేరు గుర్తురాదు. అంతే, ఆ ఒక్క అబద్ధం ఒప్పుకుంటే మిగతాదంతా మన వీధిలో జరిగినట్టే ఉంటుంది. ఇరుగమ్మ, పొరుగమ్మ, మొగుడు, పిల్లలు అందరికీ ఆమె ఎవరో తెలుసు. పేరే ఎవరికీ అవసరం పడలేదు. పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిచేదాకా ఆమె వెతుకులాట ఆగదు. మొదట వింత ఒకటి అడిగి ఒప్పించుకుని, తర్వాత ఇంక ఏ వింతా చేయకపోవడం అక్కడి పనితనం.

నామిని కథలు చిత్తూరు జిల్లా పల్లె మాటలో ఉంటాయి. అవి చదివి చాలామంది చిత్తూరు యాసలో రాయబోయారు. నేను రైల్లోంచి కూడా చూడని విశాఖపట్నం మీద రాసినట్టే. ఆయన దగ్గర తీసుకోవాల్సింది యాస కాదు, ధైర్యం. మా అమ్మ మాట్లాడినట్టు రాసినా అది సాహిత్యమే అనే ధైర్యం. మీ ఖమ్మంలో తెలంగాణ మాటా, కృష్ణా జిల్లా మాటా ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే వాక్యంలో కలిసి వినబడతాయి. అది ఇంతవరకు కథల్లోకి రావాల్సినంత రాలేదని నా ఫిర్యాదు.

అనువాదాల గురించి ఒక హెచ్చరిక. రష్యన్ కథలు తెలుగులో చదివి పెరిగినవాళ్ళం మేము, వాటిని వద్దనను. కానీ అనువాదంలో వాక్యం అనువాదకుడిది. అందులోంచి వాక్యం నేర్చుకోబోతే "అతడు తన భుజాలు ఎగరేశాడు" లాంటివి వచ్చి పడతాయి. మనవాళ్ళు భుజాలు ఎగరేయరు, పెదవి విరుస్తారు. అనువాదాల నుంచి కూర్పు నేర్చుకోండి. కథ ఎక్కడ మొదలైంది, ఏది దాచారు, ఎప్పుడు బయటపెట్టారు, ఇవి ఏ భాషలోకి వచ్చినా చెడవు.

శిల్పం మీద పుస్తకాలు కావాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' ఉంది, 1999లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మంచి పుస్తకం. కానీ ఓ నాలుగు కథలు మీ చేత్తో మీరు విప్పి చూసుకున్నాకే తెరవండి. ముందే చదివితే ఆయన కళ్ళతో చూస్తారు.

ఇక మీ 'తాకట్టు'.

ముసలమ్మ కౌలు రైతు తల్లి. ప్రతి జూన్‌లో మనవడి బడి ఫీజుకి గాజులు తెచ్చి గోల్డ్ లోన్ తీసుకుంటుంది, మిర్చి అమ్మాక వచ్చి విడిపించుకుంటుంది. ఈసారి పంట పోయింది, వేలం నోటీసు వెళ్ళింది. ఆ నోటీసు టైపు చేసింది ఏటా ఆమెకి ఫారం నింపిపెట్టే క్లర్కే. మంచి కథ ఉంది ఇందులో. అప్రైజర్ గాజుని గీటురాయి మీద గీసి, గీత వైపు కాకుండా ముసలమ్మ మొహం వైపు చూసే ఆ నాలుగు వాక్యాలున్నాయే, అవి ఎవరినుంచీ అంటుకున్నవి కావు. మీ గొంతు పోయిందేమో అన్నారు, అక్కడే ఉంది, కౌంటర్ వెనకాల. మూడో పేజీలో గాజుల మీద మూడు పోలికలున్నాయి. అవి ఎవరివో మీకూ తెలుసు, తీసేయండి.

అసలు ఇబ్బంది ఐదో పేజీలో. నోటీసు పట్టుకుని ముసలమ్మ వచ్చి నిలబడగానే, మీ క్లర్కు పేజీన్నర పాటు లోపల్లోపల కుమిలిపోతుంది. వ్యవస్థ, పేదరికం, తన నిస్సహాయత, అన్నీ. మీరు ఆమెను నమ్మలేదు, మమ్మల్నీ నమ్మలేదు. ఇద్దరు మనుషుల మధ్య ఏటేటా పెరిగిన చనువు ఒక్క కాగితంతో తెగింది. అది కుమిలిపోకుండా కనబడాలి. మీకు పడ్డ అడ్డం అది. ఇదే అడ్డం ఇంతకుముందు ఎవరికి పడిందో వెతకండి. మంచం కింద ఎవర్నైనా దాచమని నేను అనడం లేదు, బ్యాంకుల్లో మంచాలుండవు. గురజాడ చేసింది మీకు పనికిరాదు, గురజాడకి వచ్చిన ప్రశ్న పనికొస్తుంది.

రాత్రి మీ కథ రెండోసారి చదివాను, పెన్సిలుతో. ముసలమ్మ కౌంటర్ దగ్గరికి నాలుగుసార్లు వస్తుంది. సంచి విప్పుతుంది, వేలిముద్ర వేస్తుంది, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టించుకుంటుంది, చివరిసారి నోటీసు బల్ల మీద పెడుతుంది. వచ్చిన ప్రతిసారీ క్లర్కుని పలకరిస్తుందని కూడా రాశారు. ఏమని పలకరిస్తుందో మాత్రం ఒక్కచోటా లేదు. ఖమ్మం పక్క పల్లెలో ఆ వయసావిడ మీ వయసు ఆడపిల్లని ఏమని పిలుస్తుందో నాకంటే మీకే తెలుసు. మొదటి మూడుసార్లూ అలాగే పిలుస్తుంది కదా. నోటీసు తెచ్చిన రోజున ఏమని పిలుస్తుంది?